కడలిలో చమురు తిను సూక్ష్మజీవులు



సముద్రగర్భమున బడబానలమను అగ్ని యొకటి గలదనియు, అది నిరంతరము నీటిని త్రాగుచుండుటచేతనే ఇన్ని నదులు వచ్చి పడుచున్నను సముద్రము చెలియలికట్ట దాటకున్నదనియు మన పురాణములు చెప్పుచున్నవి. ఔర్వమహర్షి కోపమే ఆ యగ్నియైనదని భారతకథ. నీటిలో నిప్పెట్లుండునని బాల్యమున గురువుగారి నడిగి చీవాట్లు తిన్నవారిలో నేనొకడను. నేడు నేను చెప్పబోవునది పురాణము గాదు. అయినను, నీటిలో నుండియే మండెడు వస్తువును తిని జీర్ణించుకొను ప్రాణులను గూర్చినదగుటచే ఆ కథ జ్ఞప్తికి వచ్చినది.

2017వ సంవత్సరము జనవరి 28వ తేదీన చెన్నపట్టణమునకు ఉత్తరమున, ఎన్నూరు రేవు చెంత, రెండు ఓడలు ఢీకొన్నవి. ఒకదానినుండి చిక్కని చమురు సముద్రమున కారినది. కొలది దినములలో ఆ తీరమునందలి రాళ్లు నల్లని జిడ్డుతో కప్పబడినవి. ఆ జిడ్డును తీయుటకు యంత్రములు చాలలేదు. తీరరక్షకదళమువారును, పల్లెకారులును, స్వచ్ఛందముగా వచ్చిన విద్యార్థులును వరుసలు గట్టి నిలిచి బక్కెట్లతో తోడి పోసిరి. ఆ చిత్రములను పత్రికలలో చూచినవారు, ఇంత విజ్ఞానముండియు తుదకు బక్కెట్టే గతియా యని విస్తుపోయిరి. ఇట్టి సమయములలో మఱియొక మాటయు వినవచ్చుచుండును: సముద్రములో చమురును తినివేయు సూక్ష్మజీవులున్నవట, కావున అంత భయపడ నక్కఱలేదట! ఇందు మొదటి సగము నిజము. రెండవ సగము ఎంతవఱకు నిజమో విచారించుటయే నేటి నా ప్రసంగము.

శిలాతైలమనగా రాతినుండి పుట్టిన నూనె. పెట్రోలియమను లాటిను పదమునకును అదియే అర్థము. అది ఏకపదార్థము గాదు, వేలకొలది పదార్థముల కలగూరగంప. అందు అధికభాగము కర్బనము, ఉదజని అను రెండు మూలద్రవ్యములతోనే ఏర్పడినది. కావుననే ఆ పదార్థములను హైడ్రోకార్బనులందురు. కొన్నిటియందు కర్బనపరమాణువులు పూసలదండవలె వరుసగా గ్రుచ్చబడి యుండును. వీనికి ఆల్కేనులని పేరు. కొన్నిటియందు ఆఱేసి పరమాణువులు కంకణమువలె గుండ్రముగా కూడియుండును. అట్టి కంకణములు రెండు మూడు ఒకదానినొకటి అంటుకొని యుండుటయు గలదు. ఇవిగాక తారువంటి బరువుపదార్థములు మఱికొన్ని. ఈ భేదమును మనసునందుంచుకొనుడు, ముందు పనిబడును.

మానవుడు ఓడలు కట్టకమునుపే సముద్రమున చమురు గలదు. సాగరతలమునందలి బీటలనుండి తనంత తానే ఊరి వచ్చు చమురు ఏటికి సుమారు 6 లక్షల టన్నులని అమెరికాదేశపు జాతీయ పరిశోధనామండలి 2003లో అంచనా వేసినది. ఇంతకంటె వింత యొకటి గలదు. వెలుతురు సోకు పైనీటిలో ప్రోక్లోరోకాకస్, సైనెకోకాకస్ అను అతిసూక్ష్మజీవులు అసంఖ్యాకముగ నున్నవి. చెట్ల ఆకులవలె ఎండతో ఆహారము వండుకొను ఈ జీవులు తమ శరీరములలో ఆల్కేనులను గూడ తయారుచేసికొనును. వీని మూలమున ఏటేట పుట్టు హైడ్రోకార్బనులు 30 కోట్ల టన్నులకు తక్కువ గావని 2015లో ఒక శాస్త్రజ్ఞబృందము లెక్కగట్టి ప్రకటించినది. అయినను సముద్రము నూనెకుండ కాలేదు. ఏలయన, పుట్టినది పుట్టినట్లే తినివేయువారు అక్కడనే యున్నారు. కావున ఈ చమురుతిండి జీవులు మన ఓడల పాపమునకు ప్రాయశ్చిత్తముగా పుట్టినవి గావు. ఇది వానికి తరతరములనుండి వచ్చిన వృత్తి.

అట్లయినచో ఇంత తినునవి మన చమురును తినలేవా యని ఎవరైన నడుగవచ్చును. ఊరంతటిపై కురిసిన వాన వేఱు, చెఱువుగట్టు తెగి ఒక వీధిపై పడిన నీరు వేఱు. ప్రకృతిలోని చమురు సముద్రమంతట పలుచగ పరచుకొని యున్నది. ఓడ పగిలినపుడు పడునది ఒక్కచోట కుప్పగ పడును.

సూక్ష్మజీవులు హైడ్రోకార్బనులను తినుననుట క్రొత్తమాట గాదు. కాలిఫోర్నియాలోని స్క్రిప్సు సముద్రశాస్త్ర సంస్థకు చెందిన క్లాడ్ జోబెల్ అను శాస్త్రజ్ఞుడు అప్పటివఱకు తెలిసినదానినంతయు క్రోడీకరించి 1946లోనే విపులమైన వ్యాసము ప్రకటించెను. కాని చమురు తప్ప వేఱు తిండిని ఇంచుమించుగ ముట్టని జీవులు వెలుగులోనికి వచ్చినది తరువాతనే. ఉత్తరసముద్రమున జర్మనీకి చెందిన బోర్కుం అను చిన్న దీవి గలదు. దాని చేరువ దొరకిన ఒక బాక్టీరియమునకు యాకిమోవు, గోలిషిన్ మొదలగువారు 1998లో ఆల్కానివోరాక్సు బోర్కుమెన్సిస్ అని నామకరణము చేసిరి. నోరు తిరుగని పేరని జడియకుడు. ఆల్కేనును వోరాక్సు, అనగా మ్రింగునది, ఆల్కానివోరాక్సు. అగ్నికి హుతభుక్కను పేరు ఎట్లు కుదిరినదో ఇదియు నట్లే. పాణినీయులు దీనిని ఉపపదసమాసమనక తప్పదు. బోర్కుమెన్సిస్ అనగా బోర్కుం దీవిది యని తద్ధితము. పాశ్చాత్యులు ప్రాణులకు పెట్టు పేరులు విడదీసి చూచిన మన సమాసములకు సోదరులే.

ఈ జీవి చిన్న కడ్డీవలె నుండును. పొడవునకు పొడవు పేర్చినచో ఒక మిల్లీమీటరులో సుమారు 500 పట్టును. దీని జన్యులిపిని 2006లో సంపూర్ణముగ చదివిరి. అందు 31 లక్షల చిల్లర అక్షరములున్నవి. చదివినపుడు తెలిసినదేమనగా, పెక్కు సూక్ష్మజీవులకు ప్రాణప్రదమైన చక్కెరను లోనికి తీసికొను సాధనములు దీనికి లేనేలేవు. చక్కెరనీటిలో విడిచినచో ఆకలితో నుండును. చమురు చుక్క కనబడినచో పండుగ చేసికొనును. నిర్మలమైన నీటిలో వీని సంఖ్య మిక్కిలి స్వల్పము, వెదకి పట్టవలసినంత. చమురు పడిన కొలదిదినములలో, తక్కిన సౌకర్యములు కుదిరినచో, అచ్చటి సూక్ష్మజీవులలో ఇదియే ప్రధానమగును.

ఇక ఉప్పు సంగతి. మాగాయ పెట్టు ఇల్లాలికి ఈ శాస్త్రము తెలియును. మామిడిముక్కలకు ఉప్పు కలిపి జాడీలో మూడునాళ్లుంచినచో ముక్కలనుండి ఊట తేలును. ముక్కలోపలి నీటిని బయటి ఉప్పు లాగుకొన్నది. ముక్కను చెఱుపవచ్చు సూక్ష్మజీవికిని ఇదే గతి; దాని శరీరములోని నీరును బయటికి పోవుటచే అది పనిచేయలేక పడియుండును. ఊరగాయ నిలువయుండుటలోని రహస్యములలో ఇది ముఖ్యమైనది. సముద్రజలమునందు కిలోకు సుమారు 35 గ్రాముల లవణములు గలవు. మంచినీటి చెఱువులలోని సూక్ష్మజీవులు పెక్కు అందు బడినచో కృశించును. మఱి ఈ చమురుతిండి జీవులెట్లు బ్రతుకుచున్నవి?

ఇవి తమ దేహములలో ఎక్టోయిన్, బీటేయిన్ అను మెత్తని పదార్థములను కూడబెట్టుకొనును. ఇవి ఉప్పువలె జీవక్రియలను చెఱుపవు. కాని లోపలి సాంద్రతను పెంచి, నీరు బయటికి పోకుండ నిలుపును. లోపల తూనికకు తూనిక నిలువగనే బయటి ఉప్పు లాగుట మానును. నీటిలో ఉప్పు హెచ్చినకొలది ఈ నిలువను హెచ్చించుకొనును, తగ్గినపుడు విడిచిపెట్టును. 1992లో మధ్యధరాసముద్రమునుండి తీసి వర్ణించిన మారినోబాక్టర్ హైడ్రోకార్బనోక్లాస్టికస్ అను దాని ఓర్పు మఱింత చిత్రము. లీటరు నీటిలో 200 గ్రాముల ఉప్పున్నను అది పెరుగగలదు. అనగా సముద్రమునకంటె అయిదారు రెట్లు. మన ఉప్పుకొటారులలో గడ్డకట్టబోవు నీటికి అంతగా దూరము గాదు.

ఇక్కడ ఒక సూక్ష్మభేదమును గుర్తింపవలెను. ఉప్పును ఓర్చుకొనుట వేఱు, ఉప్పును కోరుకొనుట వేఱు. ఆల్కానివోరాక్సు రెండవ కోవకు చెందినది. ఉప్పులోని సోడియము లేనిదే అది పెరుగదు. దాని దేహపు గోడలయందు కొన్ని ద్వారములు సోడియము లోనికి వచ్చు ఊపుతోనే పనిచేయును, నీటి ఉరవడితో తిరుగు చక్రమువలె. కావున ఈ జీవిని సీసాలో పోసి తెచ్చి, చమురుపడిన మంచినీటి బావిలో వేసినచో ఏ ప్రయోజనమును లేదు. అట్లే బావినీటి జీవిని సముద్రమున వేసినను లేదు. ఎవరి నీరు వారిది.

చమురును తినుటలో మొదటి చిక్కు, నూనెయు నీరును కలియకపోవుట. అభ్యంగనమునాడు తలకు పట్టించిన నూనె చెంబులకొలది నీరు పోసినను వదలదు. కుంకుడురసము పోయగనే నురగగట్టి చిన్నచిన్న బిందువులై జాఱును. ఈ సూక్ష్మజీవి తన కుంకుడురసమును తానే తయారుచేసికొనును. గ్లూకోసును కొవ్వును కలిపి అల్లిన ఒక పదార్థమును తన పైపొరపై నుంచుకొని, దాని బలమున చమురుబొట్టును అంటిపెట్టుకొనును. చక్కెర తినని జీవి చక్కెరతో సబ్బు చేసికొనుట సృష్టివైచిత్ర్యము. 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మఱింత ముచ్చటైన విషయము బయటపడినది. ఈ జీవులు చమురునకు బాగుగ అలవాటుపడిన పిమ్మట గుంపుగ బొట్టును పలుచగ కప్పి, దాని ఉపరితలమును లాగి కొమ్మలవంటి గొట్టములుగ సాగదీయునట. బొట్టు గుండ్రముగ నున్నంతకాలము దాని చుట్టును కొందఱికే చోటు. సాగదీసినచో విస్తరి పెద్దదగును, పంక్తిలో ఎక్కువమంది కూర్చుండవచ్చును.

అంటుకొన్న తరువాతి పని ప్రాణవాయువుతో. ఆల్కేను దండ కొసనున్న కర్బనమునకు ఒక ప్రాణవాయువు పరమాణువును తగిలించును. దానితో అది మద్యసారజాతి పదార్థమగును. పిదప కొవ్వు ఆమ్లమగును. అక్కడనుండి మన శరీరము నేతిని జీర్ణించుకొను మార్గమే. రెండేసి కర్బనములు చొప్పున తెంచుకొనుచు పోవును. తుదకు మిగులునవి బొగ్గుపులుసుగాలి, నీరు, జీవి దేహవృద్ధి. నిప్పులో వేసినను చమురు బొగ్గుపులుసుగాలియు నీరునే యగును గదా! ఇది పొగలేని, సెగలేని మంట. బడబానలమును నేను తలంచుకొనుటకు కారణమిదియే.

అయితే అగ్ని సర్వభక్షకుడు, ఇవి గావు. ఆల్కానివోరాక్సు దండలను తినును, కంకణములను ముట్టదు. కంకణములను తినునది సైక్లోక్లాస్టికస్ అను వేఱొక జాతి. దానికి 1995లో ఆ పేరిడిరి. అంటార్కిటికా చల్లనినీటిలో దొరకిన ఓలిస్పైరా గడ్డకట్టునంత చలిలోను పనిచేయును. ఒకరు విడిచినది ఒకరు తినుచు, ఒకరి తరువాత ఒకరుగ బంతికి వత్తురు. తారువంటి బరువుపదార్థమును మాత్రము ఎవరును ఇష్టపడరు. అది ఏండ్లతరబడి అట్లే పడియుండును. ఎన్నూరున రాళ్లకంటినది చిక్కనిది, బరువైనది; తేలికయైన ముడిచమురువలె త్వరగా తిండి కాదగినది గాదు. పల్లెకారుల బక్కెట్లు అవివేకముగావని దీనివలన తేలుచున్నది.

ఇంకొక సంగతి. కేవలము నేయి త్రాగి మనుష్యుడు ఎంతకాలము బ్రతుకును? అన్నము, పప్పు కావలెను. చమురులో కర్బనమును ఉదజనియు పుష్కలముగనున్నవి గాని, దేహము పెంచుకొనుటకు కావలసిన నత్రజనియు భాస్వరమును లేనట్లే. వానిని సముద్రజలమునుండి తెచ్చుకొనవలెను; అందు అవి కొఱతగనే యుండును. 1989 మార్చి 24వ తేదీన అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండునందు ఎగ్జాన్ వాల్డీజ్ అను చమురుఓడ ఱాతిదిబ్బను తాకినది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రమున కలిసినది. తీరమునందలి గులకరాళ్లు నల్లబడినవి. అపుడు శాస్త్రజ్ఞులు మనరైతు పొలమునకు చల్లునట్లు నత్రజని భాస్వరములుగల ఎరువును ఆ రాళ్లపై చల్లి చూచిరి. రెండు మూడు వారములలో చల్లినంతమేర రాళ్లు తేటపడి, చల్లనిచోట నల్లగనే యుండుటచే, గీతగీసినట్లు భేదము కన్పట్టెనట. బయటినుండి తెచ్చిన సూక్ష్మజీవులను చల్లిచూచిన ప్రయోగములలో మాత్రము చెప్పదగిన లాభము కన్పట్టలేదు. తినువారు అక్కడనే యున్నారు. వారికి లేనిది పప్పన్నము.

ఈ సందర్భమున మన దేశీయుడొకని స్మరింపవలసియున్నది. వంగదేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆనందమోహన చక్రవర్తి, పలువిధముల హైడ్రోకార్బనులను ఒక్కటే తినునట్లు ఒక బాక్టీరియమును ప్రయోగశాలలో తీర్చెను. జీవముగల దానికి పేటెంటు హక్కు చెల్లునా యను వివాదము ఆ దేశపు సర్వోన్నతన్యాయస్థానమువఱకు పోయి, 1980లో అయిదుగురు ఒప్పగా నలుగురు ఒప్పకుండగా ఆయనకే జయము కలిగెను. ఆ తీర్పు జీవశాస్త్రపు గతినే మార్చినది. ఆ బాక్టీరియమును మాత్రము ఓడచమురుపై ఎన్నడును విడువలేదు.

ఇక ప్రాణవాయువు లెక్క. బడిలో బల్లపై వ్రాసి చూపినట్లు చెప్పెదను. ఒక కిలో చమురు పూర్తిగ దహింపబడుటకు 3.4 కిలోల ప్రాణవాయువు కావలెను. లీటరు సముద్రజలమున కరగియుండునది సుమారు 8 మిల్లీగ్రాములు. భాగించి చూడుడు: ఒక్క కిలో చమురునకు 4 లక్షల లీటర్లకు పైబడిన నీటిలోని ప్రాణవాయువంతయు చెల్లును! అలలు కొట్టుచోట గాలినుండి మరల కలియును. కలియనిచోట? అలాస్కాలో ఇరువది సంవత్సరముల తరువాత గులకరాళ్లను త్రవ్విచూడగా, కొన్నిచోట్ల పైన తేటగనున్నను అడుగున చమురు ఇంకను నిలిచియుండెను. ఆ పొరలోనికి ప్రాణవాయువు తగినంత చేరకపోవుటయే ముఖ్యకారణమని 2010లో ప్రకటించిరి.

ఆ 2010లోనే ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖయందు డీప్‌వాటర్ హొరైజన్ అను తేలెడు నూతివేదిక ప్రేలి 11 మంది మరణించిరి. 1500 మీటర్ల లోతునుండి చమురు 87 దినములు ఎగజిమ్మెను. సముద్రమున కలిసినది సుమారు 32 లక్షల పీపాలని 2015లో న్యాయస్థానము నిర్ణయించెను. 1100 మీటర్ల లోతున, 5 డిగ్రీల చలిలో, సన్నని చమురుబిందువుల మేఘమొకటి మైళ్లతరబడి సాగగా, దానిలో చమురుతిండి జీవులు ఆశ్చర్యకరమైన వేగమున వృద్ధిచెందినవి. ఇది వాని పరాక్రమమునకు గొప్ప నిదర్శనము, కాదనరాదు. కాని చమురును చీల్చుటకై ఆ వేళ సుమారు 70 లక్షల లీటర్ల రసాయనద్రవ్యములను గూడ పోసిరి. మానవుడు పోసిన ఈ కుంకుడురసము మేలు చేసెనా, కీడు చేసెనా యని నేటికిని వివాదము తెగలేదు. 2015లో ప్రకటించిన కొన్ని ప్రయోగములలో ఆ ద్రవ్యము కలిపిన నీటిలో మారినోబాక్టర్ తగ్గిపోయినట్లు తేలినది. తిననిది, తినుటకు ముందే క్రిందికి దిగినది, కొంత చమురు సాగరతలమునకు చేరి బురదలో కలిసినది.

ఇప్పుడు మన తీరమును చూడుడు. విశాఖపట్టణమున 1957నుండి చమురుశుద్ధికర్మాగారమున్నది. కాకినాడకెదురుగ లోతునీటినుండి ముడిచమురు తీయుట ప్రారంభమైనది. మెక్సికో సింధుశాఖలో జరిగినట్లే ఇక్కడను సూక్ష్మజీవులు ఆదుకొనునని అనుకొనవచ్చునా? బంగాళాఖాతపు నీటికి ప్రత్యేకత గలదు. గంగ, గోదావరి, కృష్ణ మొదలగు నదులు పోయు మంచినీటిచే పైపొర ఉప్పదనము తగ్గి, తేలికయై, క్రిందినీటితో కలియక విడిగ నిలిచియుండును. అందుచే సుమారు 100 మీటర్ల క్రిందినుండి కొన్ని వందల మీటర్లవఱకు ప్రాణవాయువు మిక్కిలి స్వల్పము. ఆ పొరలో చమురుమేఘము నిలిచినచో, తినువారుండియు ఊపిరాడదు. అచటి అనుభవమును ఇచటికి యథాతథముగ తెచ్చుకొనుట ఊరుగాని ఊరి పంచాంగము చూచి ముహూర్తము పెట్టుకొనుటవంటిది.

కాకినాడకు దక్షిణమున, గోదావరి సముద్రమున కలియుచోట, కోరంగి మడ అడవులున్నవి. పోటువేళ సముద్రము ఆ చెట్ల వేళ్లమధ్యకు వచ్చి ఆటువేళ మరలిపోవును. ఆ వేళ్లచెంత రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. వానిపై ఎన్నియో పల్లెకారుల కుటుంబములు బ్రతుకుచున్నవి. ఆ బురదలో వ్రేలుంచి రెండంగుళములు త్రవ్విన నల్లగనుండి, క్రుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టును. ప్రాణవాయువు లేదనుటకు అదియే గుర్తు. పీతబొరియలగుండ చమురు అందులోనికి దిగినచో, నేనింతసేపు వర్ణించిన భక్షకములు దాని అంచున ఆగిపోవును. చమురు ఆ బురదకు చేరకముందు, పోటుకును ఆటునకును నడుమనున్న ఆ కొలది గంటలలోనే దానిని ఆపవలసియుండును.